కొండయు వెంట్రుకయు

“కొండకు వెంట్రుక కట్టి లాగుదము, వచ్చిన కొండ వచ్చును, పోయిన వెంట్రుక పోవును” అను సామెతను ఎరుగని తెలుగు ఇల్లు లేదు. హోసూరు ప్రాంతమున తరతరములుగా నివసించుచు, బడిలో ఒక భాషయు, అంగడిలో మరియొక భాషయు వాడుకొని, ఇంటికి వచ్చి తెలుగు మాటాడుకొను మా వంటివారి నోళ్లలో గూడ ఈ సామెత చెక్కుచెదరక నిలిచియున్నది. ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టునప్పుడు, తమకంటె కలిగినవారి ఇంట పెండ్లి సంబంధము అడుగునప్పుడు, పెద్దలు ఈ మాట చెప్పి పిల్లలకు ధైర్యము కలిగించుట వాడుక. అందు దోషము లేదు. ఆశకు అంతకంటె చౌకయైన ఆధారము మరియొకటి దొరకదు.

అయితే ఈ సామెత అన్ని పట్టులను చెల్లునా? ఏ వెంట్రుక పోయినను నష్టము లేదనుట ధర్మమేనా? ఈ ప్రశ్న మాకు పుస్తకములలో ఎదురు కాలేదు. మా ఇంటిలోనే, మా మనుమని విషయమున ఎదురైనది. మేము వైద్యులము కాము, పండితులము కాము. ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు ముగించి, మార్కెటు కమిటీ కార్యాలయమున ముప్పది యారేండ్లు గుమాస్తాగిరి చేసి, పింఛను పుచ్చుకొన్నవారము. అయినను మా వలెనే దారి తోచక తిరుగు తల్లిదండ్రులు, తాతయవ్వలు మన సంఘపు కుటుంబములలో గూడ ఉందురు గావున, మేము పొరబడిన తీరును, పిమ్మట విచారించి తెలిసికొన్న సంగతులను ఈ సంచికలో వ్రాయ సాహసించితిమి.

మా రెండవ కుమార్తె బెంగుళూరున కాపురమున్నది. ఆమె కుమారునికి మూడేండ్లు నిండినను మాట రాలేదు. పేరు పెట్టి పిలిచినను తిరిగి చూడడు. తిరుగుచున్న ఫ్యానును గంటల తరబడి చూచుచు కూర్చుండును. సీసా మూతలను వరుసగా పేర్చును. ఎవరైన ఒక్క మూతను కదిపినచో ఓదార్చ శక్యము గాని ఏడుపు. వైద్యులు చూచి, ఇది ఆటిజమనిరి. ఇది జ్వరము వలె వచ్చి పోవునది కాదనియు, మెదడు పెరుగు తీరులోనే ఉన్న భేదమనియు, దీనిని మాన్పు మందు లేదనియు, మాటయు నడవడియు నేర్పు శిక్షణ ఎంత త్వరగా మొదలిడిన అంత మేలనియు తెలిపిరి. “మందు లేదు” అను రెండు మాటలు తప్ప తక్కినవేవియు ఆనాడు మా చెవి కెక్కలేదు.

అట్టి సమయమున తెలిసినవారొకరు ఒక దారి చూపిరి. ఇట్టి పిల్లల శరీరములలో పాదరసము, సీసము మొదలగు లోహములు చేరియుండుననియు, తలవెంట్రుకలను పరీక్షకు పంపిన ఏ లోహము ఎంత ఉన్నదో తెలియుననియు, ఆ లోహమును మందులతో వెలికి తీసిన పిల్లవాడు మాటాడుననియు చెప్పిరి. విని మేము పొంగిపోయితిమి. పదునొకండవ నెలలో తిరుమలకు పోయి ఆ బిడ్డ పుట్టువెంట్రుకలు స్వామికి సమర్పించినప్పుడు మాకు ఏ కొరతయు కానరాలేదు. ఇప్పుడు మరల వాని వెంట్రుకలే ఏదో మేలు చేయబోవుచున్నవని తోచినది. అల్లునికి ఇది ఇష్టము లేదు. కుమార్తె ఎటును చెప్పలేక ఊరకుండెను. సామెత చెప్పి ఒప్పించినవారము మేమే. సొమ్ము పెట్టినవారమును మేమే.

కత్తెరను చూచిన పిల్లవాడు బెదరును గావున, నిద్రించునప్పుడు మెడ వెనుక భాగమున, మాడుకు ఆనించి కొద్ది కొద్దిగా కత్తిరించితిమి. అప్పుడు మా పాత అలవాటొకటి పైకి వచ్చినది. మార్కెటు కమిటీలో ఏ బస్తా తూకముపై అనుమానము కలిగినను దానిని రెండవ కాటాపై వేయించి చూచుట మాకు వాడుక. ఆ వాడుక చొప్పున వెంట్రుకలను రెండు పాళ్లు చేసి, రెండు కవర్లలో రెండు వేర్వేరు ప్రయోగశాలలకు పంపితిమి. రెండింటికి కలిపి మా ఒక నెల పింఛనులో సగమునకు పైగా ఖర్చైనది.

నెలదినములకు రెండు నివేదికలును వచ్చినవి. రంగురంగుల గీతలతో చూడ ముచ్చటగా ఉన్నవి. మొదటి దానిలో సీసపు గీత ఎరుపుదాటి పోయినది. అల్యూమినియము పచ్చని గడిలోనే నిలిచినది. రెండవదానిలో సీసము పచ్చగా ఉన్నది. అల్యూమినియమును, ఆంటిమొనీయు ఎర్రనైనవి. ఒకే తల, ఒకే రాత్రి, ఒకే కత్తెర. రెండు కాగితములును ఏకీభవించిన విషయమొక్కటే కలదు: మందులు కొనవలెననుట.

ఇంత చూచిన పిమ్మటనైన మేము ఆగవలసినది, ఆగలేదు. “ఏదో ఒకటి నిజమై యుండవచ్చును గదా, మొదటివారి మాత్రలు వాడి చూతము, వచ్చిన కొండ వచ్చును” అని మరల అదే సామెత అందుకొంటిమి. అంతవరకు ఊరకున్న మా కుమార్తె అప్పుడు నోరు విప్పినది. “నాయనా, కొండ కావలసింది మనకు. పోయే వెంట్రుక మాత్రం వాడిది” అని, బిడ్డను ఎత్తుకొని లోపలికి పోయినది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మరునాటి నుండి తెలిసిన వైద్యులను అడిగియు, గ్రంథాలయములో కూర్చుండి మనుమరాలి చేత చదివించుకొనియు ఈ సంగతి మొదలుకంట విచారించితిమి.

ముందుగా వెంట్రుక పక్షమున చెప్పవలసిన న్యాయము చెప్పెదము. వెంట్రుక అబద్ధమాడునని మేము అనము. అది నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగును. పెరుగునప్పుడు రక్తములోని కొన్ని పదార్థములను తనలో నిలుపుకొనును. జపాను దేశమున మినమాటా అను ఊరిలో కర్మాగారపు మురుగునీటి నుండి పాదరసము చేపలలోనికిని, చేపల నుండి మనుష్యులలోనికిని చేరి, 1956లో ఆ వ్యాధి బయటపడినది. అక్కడి బాధితుల వెంట్రుకలలో ఆ విషము కొలువబడినది. ఇరాకు దేశమున 1971–72 శీతకాలమున, పాదరసపు మందు పట్టించిన విత్తనపు గోధుమలను రొట్టెలు చేసికొని తిని ఆరువేలకు పైగా జనము ఆసుపత్రుల పాలైరి; నాలుగువందల ఏబది తొమ్మండుగురు మరణించిరని ప్రభుత్వపు లెక్క. అప్పుడు గూడ వెంట్రుకను ముక్కముక్కలుగా పరీక్షించి, ఏ నెలలో ఎంత విషము లోనికి పోయినదో శాస్త్రజ్ఞులు తెలిసికొనగలిగిరి. అక్కడ విషమేదో ముందే తెలియును. అది వచ్చిన త్రోవ తెలియును. ఆ విషమునకును వెంట్రుకకును గల సంబంధము గూడ నిర్ణయింపబడినది. అట్టి చోట వెంట్రుక మంచి సాక్షి.

ఏ విషమో, ఎక్కడనుండియో తెలియకుండ, ముప్పది నలుబది ఖనిజములను ఒక్కమారుగా లెక్కించి, దానినిబట్టి బిడ్డ మౌనమునకు కారణము చెప్పుమన్నప్పుడే చిక్కు వచ్చును. తలకు పోసికొను నీరు, రాచుకొను నూనె, సబ్బు, వీథిలోని దుమ్ము అన్నియు వెంట్రుకకు అంటుకొనును. పైనుండి అంటినదెంతయో, లోపలి నుండి వచ్చినదెంతయో విడదీయుట కష్టము. కడిగిన పోవును గదా యందురా, ఒక్కొక్క ప్రయోగశాల ఒక్కొక్క రీతిగా కడుగును. కడుగుటలో లోపలిది గూడ కొంత పోవచ్చును, పైది కొంత మిగులవచ్చును.

మేము రెండు కవర్లతో చేసిన పనిని మాకంటె ఎన్నడో ముందుగా, మాకంటె పద్ధతిగా చేసినవారున్నారని తెలిసి ఆశ్చర్యపోయితిమి. అమెరికాలో స్టీఫెన్ బారెట్ అను వైద్యుడు ఆరోగ్యవంతులైన ఇద్దరు యువతుల వెంట్రుకలను మారుపేర్లతో పదుమూడు ప్రయోగశాలలకు పంపి, వచ్చిన ఫలితములను 1985లో అచ్చటి వైద్యసంఘపు పత్రికలో ప్రకటించెను. ప్రయోగశాలల లెక్కలు ఒకదానితో నొకటి పొసగలేదు. ఒకే ప్రయోగశాలకు రెండుమార్లు పంపిన ఒకే వెంట్రుకల లెక్కలు గూడ పొసగలేదు. ఎంత ఉన్న సరియైన పాళ్లనుటలోను వారికి ఏకాభిప్రాయము లేదు. 2001లో అదే పత్రికలో కాలిఫోర్నియా పరిశోధకులు మరల ఒక ఆరోగ్యవంతురాలి వెంట్రుకలను ఆరు ప్రయోగశాలలకు పంచి పంపిన వృత్తాంతము వెలువడినది. పండ్రెండు ఖనిజముల విషయమున హెచ్చు లెక్కకును తగ్గు లెక్కకును మధ్య పదిరెట్లకు మించిన తేడా కనబడెను. మా మార్కెటు యార్డులో ఒకే బస్తా ఒక కాటాపై పది కిలోలును, మరియొక కాటాపై నూరు కిలోలును తూగినచో, రైతు ఏ కాటాను నమ్మవలెనని ఎవరును చర్చింపరు. రెండు కాటాలకును సీలు వేయుదురు.

ఇంకొక సంగతి మమ్ము మరింత ఆలోచింపజేసినది. ఆటిజము గల పిల్లల పుట్టువెంట్రుకలలో పాదరసము తక్కువగా ఉన్నదని 2003లో అమెరికాలో ఒక వ్యాసము వెలువడినది. తక్కువగా ఉన్న మంచిదే గదా యని మన వంటివారము అనుకొందుము. కాని ఆ పిల్లలు పాదరసమును వెలికి పంపలేకపోవుచున్నారనియు, అందుచేత అది శరీరములోనే నిలిచిపోయినదనియు దానికి అర్థము చెప్పబడినది. ఆండ్రూ కట్లర్ అను రసాయనశాస్త్రజ్ఞుడు చెప్పిన లెక్కల ప్రకారము, వెంట్రుకలో పాదరసము కనబడకున్నను, తక్కిన ఖనిజముల హెచ్చుతగ్గులు ఫలానా తీరున ఉన్నచో లోపల పాదరసమున్నట్లే గ్రహింపవలెను. ఈ లెక్కలను చేతబట్టుకొని అనేకులు తలిదండ్రులు తమ పిల్లల నివేదికలను తామే చదువుకొనుచున్నారు.

ఇందలి చిక్కును గమనింపుడు. పాదరసము ఎక్కువగా ఉన్న, విషమున్నది. తక్కువగా ఉన్న, విషము దాగియున్నది. ఇక విషము లేదని చెప్పుటకు ఆ వెంట్రుక ఎట్లు ఉండవలెను? “కాదు” అని చెప్పగల శక్తి లేని పరీక్ష, “ఔను” అని చెప్పినను దానికి విలువ లేదు. ఏ చిట్టాలోనైన తప్పు బయటపడుటకు ఒక మార్గముండవలెను. అట్టి మార్గమే లేని చిట్టాను మా కార్యాలయపు ఆడిటరు ఒక్క పుటయు తిప్పనిచ్చెడివాడు కాడు.

మరి ఇంత బలహీనమైన ఆధారమును చదువుకొన్న తలిదండ్రులు ఏల నమ్ముచున్నారు? వారిని మూఢులని తీసిపారవేయుట మా ఉద్దేశము కాదు; అట్లనిన ఆ మాట ముందు మాకే తగులును. దీని వెనుక ఒక పాత గాయము గలదు. 1943లో బాల్టిమోరు నగరమున లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు పిల్లలను పరీక్షించి ఈ స్థితిని తొలుత వర్ణించెను. ఆ పిమ్మట రెండు మూడు దశాబ్దముల కాలము, తల్లి ప్రేమ చూపక మంచుగడ్డ వలె ఉన్నందుననే బిడ్డ ఇట్లైనాడను మాట పాశ్చాత్య దేశములలో చలామణియైనది. 1967లో బ్రూనో బెటెల్‌హీమ్ వ్రాసిన గ్రంథము ఈ నిందను ఇంకను ప్రచారము చేసెను. ఎందరు తల్లులు ఆ మాట విని కుమిలిపోయిరో చెప్పనలవి కాదు. మన ఇండ్లలో ఆ నిందకు వేరు పేర్లున్నవి: పూర్వజన్మ పాపమనియు, కడుపుతో ఉన్నప్పుడు గ్రహణము చూచినదనియు, తల్లి ఉద్యోగమునకు పోయినదనియు అందురు. మా కుమార్తె ఈ మాటలన్నియు విన్నది.

ఆ నిందను కూలద్రోసిన ఘనత బెర్నార్డ్ రిమ్లండ్ అను ఆయనకు చెందును. ఆయన అమెరికా నౌకాదళమున మనస్తత్వ శాస్త్రజ్ఞుడు; ఆయన కుమారునికే ఆటిజము. 1964లో ఒక గ్రంథము వ్రాసి, ఇది తల్లి దోషము కాదు, శరీర నిర్మాణమునకు సంబంధించినదని వాదించి నిలిపెను. లోకములోని తల్లులందరును ఆయనకు ఋణపడియున్నారు. కాని ఆ మహనీయుడు స్థాపించిన సంస్థయే పిమ్మటి కాలమున, 1995 మొదలుకొని, ఆటిజమును ఓడించుడను పిలుపుతో వైద్యులను కూర్చి, లోహములను వెలికితీయు చికిత్సకు ఆశ్రయమిచ్చెను. ఇది చదివి మాకు ఆయనపై కోపము రాలేదు, జాలి కలిగినది. తల్లి తప్పు కాదని తేల్చిన పిమ్మట గూడ, “మరి ఎవరి తప్పు?” అను ప్రశ్న మనస్సును విడువదు. సీసమనియు పాదరసమనియు ఒక పేరు దొరికినచో, నింద మోయుటకు ఒక దోషి దొరికినట్లగును. తల్లి ఊపిరి పీల్చుకొనును. వెంట్రుకల నివేదిక అమ్మునది లెక్కలను కాదు, ఆ ఊపిరిని.

పాదరసముపై అనుమానము ఊరక పుట్టలేదనియు చెప్పవలెను. టీకాలు చెడిపోకుండుటకు కలుపు థైమెరోసాల్ అను పదార్థములో పాదరసపు సమ్మేళనమొకటి గలదు. అమెరికాలో 1999లో, ముందుజాగ్రత్తగా దానిని పిల్లల టీకాలనుండి తీసివేయ నిశ్చయించిరి. డెన్మార్కులో 1992లోనే మానివేసిరి. అదియే కారణమైనచో దానిని తీసివేసిన పిమ్మట ఆటిజము తగ్గవలసినది. ఏ దేశమునను తగ్గలేదు. 2004లో అమెరికా వైద్యశాస్త్ర సంస్థ సాక్ష్యములన్నియు పరిశీలించి, ఆ సంబంధమును తోసిపుచ్చినది.

ఇక వెంట్రుక పోవుట యనగా ఏమి పోవుటయో చూతము. నివేదికతో కథ ముగియదు. దాని వెనుక మందు వచ్చును. లోహమును కట్టివేసి మూత్రముగుండ వెలికి పంపు మందులకు కీలేషన్ మందులని పేరు. సీసపు విషము నిజముగా తలకెక్కిన బిడ్డకు అవి ప్రాణదాతలు. కాని ఆ మందులు సీసమును మాత్రమే ఏరి పట్టునవి కావు. శరీరమునకు కావలసిన ఖనిజములను గూడ కొన్ని లాగివేయును. 2005 ఆగస్టులో పెన్సిల్వేనియా రాష్ట్రమున ఆటిజము గల అయిదేండ్ల బాలుడొకడు ఇట్టి మందు నరమునకు ఎక్కించుచుండగా మరణించెను. రక్తములోని కాల్షియము పడిపోయి గుండె ఆగినది. 2006లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రము ఈ మరణమును ప్రకటించి హెచ్చరించెను.

2007లో కార్నెల్ విశ్వవిద్యాలయమున ఎలుకలపై చేసిన ప్రయోగము ధర్మశాస్త్రము వలె మాకు తోచినది. సీసము తిన్న ఎలుకలకు ఈ మందులలో ఒకటి ఇచ్చిన, వాటి నేర్పు మెరుగుపడినది. సీసము తినని ఎలుకలకు అదే మందు ఇచ్చిన, వాటి నేర్పు చాలకాలము చెడినది. అనగా, విషమున్నచోట అమృతమైనది విషము లేనిచోట తానే విషమగును. ఈ కారణముననే అమెరికా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ ఆటిజము గల పిల్లలపై తలపెట్టిన కీలేషన్ పరిశోధనను 2008లో విరమించుకొన్నది. 2010లో అచ్చటి ఔషధ నియంత్రణ శాఖ ఇట్టి మందులను అంగడి సరకుగా అమ్మువారికి హెచ్చరికలు పంపెను. 2015లో కాక్రేన్ సంస్థవారు సాక్ష్యమంతయు గాలించి, ఆటిజమునకు ఈ చికిత్స పనికివచ్చునని చెప్పుటకు ఆధారము లేదనిరి.

మా కుమార్తె చెప్పిన మాటలోని బరువు ఇప్పుడు తెలియును. సామెతలో కొండను లాగువాడును, వెంట్రుక పోగొట్టుకొనువాడును ఒక్కడే. తన వెంట్రుకను తాను పణముగా ఒడ్డుటకు ప్రతివానికిని హక్కు గలదు. బిడ్డ విషయమున ఒడ్డువారు మనము, పోగొట్టుకొనువాడు వాడు. వాడు ఔననలేడు, కాదనలేడు; మా మనుమడైతే కడుపు నొచ్చినను చెప్పలేడు. తలిదండ్రులు బిడ్డకు యజమానులు కారు, ధర్మకర్తలు. దేవాలయపు ధర్మకర్త తన సొంత సొమ్మును జూదమాడిన అవివేకి అనిపించుకొనును. దేవుని సొమ్మును జూదమాడిన ద్రోహి అనిపించుకొనును. గెలిచిన హుండీ నిండును గదా యని ఆతడు వాదించినను ఎవరును ఒప్పరు.

“అట్లైన ఏ కొత్త మందును వాడరాదా? వైద్యము పెరుగుట ఎట్లు?” అని కొందరు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. పరిశోధన వేరు, పాచికలాట వేరు. పరిశోధనలో మందు పని చేయనిచో ఆ సంగతి తెలిసికొనుటకు ముందే ఏర్పాటుండును. హాని కనబడిన ఆపువారుందురు. ఒక బిడ్డ అనుభవము పదుగురు బిడ్డలకు పనికివచ్చును. వంటింటిలో మాత్రలు మింగించి, పిల్లవాడు ఒకనాడు బాగుగా నిద్రించిన మందు మహిమయనియు, మరునాడు ఏడ్చిన విషము వెలికి వచ్చుచున్నదనియు చెప్పుకొనుటలో నేర్చుకొనునదేమియు లేదు. “బిడ్డ కొరకు చేయనిది లేదు” అనిపించుకొనుట తలిదండ్రులకు గౌరవముగా తోచును. కాని చేయరానిదానిని చేయకుండ నిలుచుట గూడ బిడ్డ కొరకు చేయు పనియే. దానిని మెచ్చువారుండరు గావున అది మరింత కష్టమైనది.

ఇంత వ్రాసినందున లోహముల భయము వట్టిదని ఎవరును భావింపరాదు. సీసము పిల్లల మెదడుకు నిజమైన శత్రువు. మన దేశమున సీసము కలిపిన పెట్రోలు 2000లో నిలిచిపోయినను, పాత రంగులు, బ్యాటరీలు కరిగించు చోట్లు, కొన్ని కాటుకలు, కల్తీ పసుపు ఇంకను ఉన్నవి. 2004లో బోస్టను నగరపు అంగళ్లలో కొన్న డెబ్బది ఆయుర్వేద మందులను పరీక్షింపగా, పదునాలుగింటిలో సీసమో పాదరసమో ఆర్సెనిక్కో హానికరమగు పాళ్లలో కనబడినవి. బిడ్డకు మాట వచ్చునని ఏవేవో భస్మములు నాకించువారు దీనిని గమనింపవలెను. ఆటిజము గల పిల్లలలో మట్టి, గోడ పెచ్చులు నోట పెట్టుకొను అలవాటు గలవారికి సీసపు భయము మరియు ఎక్కువ. అయితే దానికి తగిన పరీక్ష రక్తపరీక్ష. 2020 డిసెంబరులో ఏలూరున జనము మూర్ఛలతో పడిపోయినప్పుడు వైద్యులు సీసము, నికెలు ఉన్నవని చెప్పినది రక్తము చూచియే. డెసిలీటరు రక్తమున అయిదు మైక్రోగ్రాములకు చేరిన, సీసము ఎక్కడనుండి వచ్చుచున్నదో వెదకి ఆపవలెననియు, నలుబది అయిదుకు చేరిన పిల్లలకు కీలేషన్ చికిత్స చేయవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది. అనుమానమున్నవారు వైద్యునితో చెప్పి ఆ పరీక్ష చేయించుకొనుట మంచిది. అది “లేదు” అని చెప్పగల పరీక్ష.

మా మనుమనికిని ఆ రక్తపరీక్ష చేయించితిమి. సీసము అయిదుకు తక్కువగా ఉన్నది. వైద్యురాలు కాగితము మా చేతికిచ్చి, “విషం లేదండీ, సంతోషించండి” అనిరి. నిజము చెప్పవలెనన్న, ఆ క్షణమున మాకు సంతోషము కలుగలేదు, నిరాశ కలిగినది. బిడ్డలో విషము లేదని విని నిరాశపడిన తాతను మేము. ఆ నిరాశను తలచుకొనియే మేము ఎక్కువగా సిగ్గుపడుచున్నాము. మేము ప్రేమించినది ఆ బిడ్డనా, లేక వానిలోపల విషము క్రింద దాగియున్నాడని ఊహించుకొన్న మరియొక బిడ్డనా? విషము తీసివేసిన బయటికి వచ్చునని మేము ఎదురుచూచిన ఆ రెండవ బిడ్డ ఎక్కడను లేడు. ఉన్నవాడు మా ఎదుట కూర్చుండి మూతలు పేర్చుకొనుచున్నాడు. లేనివానికొరకు ఉన్నవానికి మందు మింగించుటకు సిద్ధపడితిమి. వెంట్రుకతో పాటు పోవునది ఇది గూడ: ఉన్న బిడ్డను ఉన్నట్లు చూచుటకు దొరికిన కాలము.

మాత్రలు కొనలేదు. ఆ సొమ్మును మాట నేర్పు శిక్షణకు వినియోగించితిమి. ఇంటిలో అందరును ఇంగ్లీషే మాటాడవలెనని ఒకరు సలహా ఇచ్చిరి గాని, ఇంటి భాష వలన ఇట్టి పిల్లలకు చెరుపు లేదని శిక్షకురాలు చెప్పుటచే మా ఇంటియామె తెలుగునే పట్టినది. బొమ్మలు అతికించిన చీట్లు చూపి, నీళ్లు, అన్నము, చాలు అను మాటలు నేర్పినది. వానికి ఇప్పుడు ఏడేండ్లు. మాటలు ఇరువదికి మించవు. మూతలు ఇంకను పేర్చుచునే యున్నాడు. మొన్నటి సంక్రాంతికి వచ్చినప్పుడు మేము ప్రక్కన కూర్చుండి ఒక మూతను వాని వరుస చివర, వాని పద్ధతి తప్పకుండ పెట్టితిమి. ఏడువలేదు. కొంతసేపు చూచి, మరియొక మూత తీసి మా చేతిలో పెట్టెను.

కొండ రాలేదు. రావలసిన అవసరమును లేదని ఇప్పుడు తెలిసినది. ఆ రెండు నివేదికలను మేము చింపివేయలేదు. గుమాస్తాలము గావున ఫైలులో భద్రపరచితిమి. మన సంఘపు కుటుంబములలో ఎవరికైన ఇట్టి సందేహము కలిగిన, కత్తెర చేతబట్టుటకు ముందు మా ఇంటికి వచ్చి ఆ రెండు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టి చూడవచ్చును. వారికి కాఫీ ఇచ్చి, తెలిసినంత చెప్పుటకు మేము ఎల్లప్పుడును సిద్ధముగా ఉందుము.